పైలట్ చూట్ గుప్పెట్లోనే ఎందుకు? విసరడం ఎలా?

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ట్విన్ ఫాల్స్ అని ఒక ఊరుంది. ఊరి ఉత్తరపు అంచున స్నేక్ నది లోతైన లోయలో పారుతుంది. ఆ లోయ మీద ఉన్నదే పెరీన్ వంతెన. నీటి నుంచి దాని ఎత్తు 486 అడుగులు, అంటే 148 మీటర్లు. ఏడాది పొడవునా ఏ అనుమతి పత్రమూ అడగకుండా పారాచూట్‌తో దూకనిచ్చే వంతెన కావడంతో ప్రపంచం నలుమూలల నుంచీ బేస్ జంపర్లు అక్కడికి వస్తుంటారు. భవనం, యాంటెనా టవర్, వంతెన, కొండచరియ, ఈ నాలుగింటి మీంచి దూకే ఆటనే బేస్ జంపింగ్ అంటారు. విమానంలోంచి దూకే స్కైడైవింగ్‌కు ఇది దగ్గరి చుట్టమే గానీ లెక్కలన్నీ వేరు.

వంతెన అంచున నిలబడ్డ జంపర్ని గమనిస్తే ఒక సంగతి కనిపిస్తుంది. పారాచూట్ మొత్తం వీపు మీది సంచిలో ఉంటే, కుడిచేతి గుప్పెట్లో మాత్రం మడతపెట్టిన ఒక గుడ్డ ఉంటుంది. దూకిన ఒకటి రెండు సెకన్లకు దాన్ని పక్కకు విసురుతాడు. ఆ తర్వాతే పెద్ద పారాచూట్ తెరుచుకుంటుంది. ఆ గుడ్డ పేరు పైలట్ చూట్. దాన్ని అలా చేత్తో పట్టుకుని దూకే పద్ధతిని హ్యాండ్‌హెల్డ్ అంటారు.

పైలట్ చూట్ చేసే పని ఏమిటి?

పెద్ద పారాచూట్‌ను సంచిలోంచి బయటికి లాగడం. అది గుండ్రంగా ఉండే చిన్న పారాచూట్. పైభాగం గాలి చొరబడని గుడ్డ, అడుగున వల. దానికి బ్రైడిల్ అనే బలమైన పట్టీ ఉంటుంది. బేస్ సామగ్రిలో బ్రైడిల్ పొడవు మామూలుగా తొమ్మిది అడుగులు. సంచిని మూసి ఉంచే పిన్నులు దీనికే బిగించి ఉంటాయి. రెండో కొస పెద్ద పారాచూట్ పైభాగానికి కుట్టిన చోట చేరుతుంది.

వరస ఇలా నడుస్తుంది. చేయి విసురుతుంది. పైలట్ చూట్ గాలి నింపుకుని ఒకచోట నిలబడిపోతుంది, మనిషి మాత్రం కిందికి పడుతూనే ఉంటాడు. మధ్యలో ఉన్న బ్రైడిల్ బిగుసుకుంటుంది. పిన్నులు ఊడతాయి. సంచి తెరుచుకుని పెద్ద పారాచూట్ బయటికి వస్తుంది, తాళ్లు సాగుతాయి, పారాచూట్‌లోని గదులు గాలితో నిండుతాయి. ఈ గొలుసులో మనిషి చేతితో జరిగేది మొదటి పని ఒక్కటే. మిగతాదంతా గాలి చేసిపెట్టాలి.

సంచి అడుగున పెట్టుకోవచ్చుగా, చేతిలో ఎందుకు?

స్కైడైవర్లు అలాగే పెట్టుకుంటారు. సంచి అడుగున సాగే గుడ్డతో కుట్టిన జేబులో పైలట్ చూట్ ఉంటుంది. చేయి వెనక్కి పోనిచ్చి, పిడి వెతికి పట్టుకుని, లాగి విసురుతారు. వేల అడుగుల ఎత్తులో ఈ పనికి ఒక సెకను ఎక్కువ పట్టినా పెద్ద నష్టం లేదు.

పెరీన్ మీంచి దూకినవాడి లెక్క చూడండి. గాలి అడ్డును పక్కన పెడితే మొదటి సెకనులో 5 మీటర్లు పడతాడు. రెండో సెకను ముగిసేసరికి 20 మీటర్లు. మూడో సెకను ముగిసేసరికి 44. ఏ పారాచూటూ తెరుచుకోకపోతే నీటిని తాకడానికి పట్టేది అయిదున్నర సెకన్లు. రెండు సెకన్ల దగ్గర పిడి కోసం చేయి పంపి, అది దొరక్క ఒక్క సెకను తడుముకుంటే ఆ ఒక్క సెకనుకే 24 మీటర్లు పోతాయి. అంటే ఎనిమిదంతస్తుల మేడంత ఎత్తు. పైలట్ చూట్ ముందే చేతిలో ఉంటే వెతుక్కోవడం, పట్టు జారడం, జేబులో ఇరుక్కోవడం అనే మూడు ప్రమాదాలూ ఒకేసారి తప్పుతాయి.

ఇంకో కారణం ఇంతకంటే ముఖ్యమైనది. దూకిన మొదటి క్షణాల్లో గాలికి బలం ఉండదు. గాలి లాగే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలు. ఒక సెకను ముగిసేసరికి జంపర్ వేగం గంటకు 35 కిలోమీటర్లు, రెండో సెకనుకు 70. 48 అంగుళాల వ్యాసం ఉన్న పైలట్ చూట్ ఒక సెకను దగ్గర సుమారు 5 కిలోల బరువంత లాగుడు ఇస్తుంది. రెండు సెకన్ల దగ్గర అదే 20 కిలోలు. అది బయటికి తీయాల్సిన పారాచూట్ బరువు మూడు కిలోల ప్రాంతంలో ఉంటుంది, పైగా పిన్నుల బిగువు ఉండనే ఉంది. అంటే ఒక సెకను దగ్గర చేతిలో మిగులు బలమంటూ పెద్దగా లేదు. ముడతపడిన గుడ్డను విప్పడానికీ, వంకర తిరిగిన పట్టీని సరిచేయడానికీ ఆ గాలి చాలదు. గాలి చేయలేని సాయాన్ని చేయి చేయాలి. గుడ్డను ముందే సరిగ్గా అమర్చి, గట్టిగా విసిరి, బ్రైడిల్‌ను సగం దూరం చేయే సాగదీసి ఇవ్వాలి. హ్యాండ్‌హెల్డ్ పద్ధతిలోని నియమాలన్నీ ఈ ఒక్క కారణంలోంచే పుట్టాయి.

అయితే ఎప్పుడూ పెద్ద పైలట్ చూటే వాడితే పోదా?

పోదు. అదే 48 అంగుళాల గుడ్డను పూర్తి వేగంలో, అంటే గంటకు 190 కిలోమీటర్ల దగ్గర విసిరితే లాగుడు 150 కిలోల దాకా వెళుతుంది. అంత బలంతో పెద్ద పారాచూట్‌ను నడిమధ్యన పట్టి గుంజితే దాని మడత చెదిరిపోతుంది. మధ్యభాగం ముందు లేచి పక్కలు వెనకబడతాయి, తెరుచుకోవడం అదుపు తప్పుతుంది. అందుకే ఎంతసేపు పడతారన్నదాన్ని బట్టి కొలత మారుతుంది. ఒకటి రెండు సెకన్ల జంపులకు 46 నుంచి 48 అంగుళాలు, మూడు నాలుగు సెకన్లకు 42, 38 ప్రాంతంలో, నార్వేలోని షెరాగ్ లాంటి వెయ్యి మీటర్ల కొండల మీంచి పూర్తి వేగం అందుకునే జంపులకు 32 అంగుళాల దాకా. జంపర్లు ఒకే సంచికి వేర్వేరు పైలట్ చూట్లు వెంట తెచ్చుకునేది ఇందుకే. ఎత్తుకు తగ్గది తగిలించుకున్నామా లేదా అని చూసుకోవడం మొదటి తనిఖీ.

ఈ పద్ధతి ఎలా వచ్చింది?

ఒకప్పటి స్కైడైవింగ్ సామగ్రిలో పైలట్ చూట్ లోపల స్ప్రింగ్ ఉండేది. సంచిని తెరిచే రిప్‌కార్డ్ లాగగానే అది సంచిలోంచి ఎగిరి బయటపడేది. ఇబ్బంది ఏమిటంటే, పడుతున్న మనిషి వీపు వెనక గాలి సుడులు తిరిగే నీరసమైన చోటు ఒకటి ఏర్పడుతుంది. దాన్ని బర్బుల్ అంటారు. స్ప్రింగుతో ఎగిరిన పైలట్ చూట్ కొన్నిసార్లు ఆ సుడిలోనే తారట్లాడుతూ ఉండిపోయేది. 1970ల నడుమ అమెరికన్ పారాచూట్ తయారీదారు బిల్ బూత్ స్ప్రింగు తీసేసి, జంపరే చేత్తో పక్కకు, సుడి దాటి విసిరే పైలట్ చూట్‌ను తెచ్చాడు. 1978లో కార్ల్ బోయినిష్ యోసెమిటీలోని ఎల్ కాపిటన్ కొండ మీంచి జంపులు ఏర్పాటు చేసి సినిమా తీశాక బేస్ జంపింగ్ ఊపందుకుంది. ఆ తొలిరోజుల జంపర్లు స్కైడైవింగ్ సామగ్రితోనే దూకారు. ఎల్ కాపిటన్ ఎత్తు తొమ్మిది వందల మీటర్ల ప్రాంతం కాబట్టి సరిపోయింది. ఎత్తు తక్కువ ఉన్న వంతెనల మీదికి, మేడల మీదికి ఆట దిగేసరికి పైలట్ చూట్ పెద్దదైంది, బ్రైడిల్ పొడుగైంది, గుడ్డ జేబులోంచి గుప్పెట్లోకి వచ్చింది.

మడత ఎలా ఉండాలి?

మన గోదావరి పల్లెల్లో విసురువల వేసేవాళ్లను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. వల నీటి మీద గుండ్రంగా పరుచుకోవడం విసురులో కంటే ముందు, దాన్ని మోచేతి మీద మడతలు వేసుకోవడంలోనే నిర్ణయమైపోతుంది. పైలట్ చూట్ కూడా అంతే.

ముందు బ్రైడిల్‌ను పొడవునా వేళ్ల మధ్య జారనిచ్చి ముడి గానీ మెలి గానీ ఉందేమో చూస్తారు. తర్వాత పైలట్ చూట్‌ను చదునుగా పరిచి, లోపలి గుడ్డ తిరగబడలేదని నిర్ధారించుకుని, పొడవుగా మడతపెడతారు. బ్రైడిల్‌లో చేతికి దగ్గరున్న భాగాన్ని అటొకటి ఇటొకటిగా, చీర కుచ్చిళ్ల వరసలో మడిచి గుడ్డ మధ్యలో పెడతారు. దాన్ని ఎప్పుడూ చుట్టలు చుట్టరు. చుట్ట విప్పుకునేటప్పుడు ఉచ్చు పడుతుంది, ఆ ఉచ్చు పిడి మీదో గుడ్డ మీదో బిగిస్తే పైలట్ చూట్ గొంతు పిసికినట్టే. వేళ్లకో మణికట్టుకో చుట్టుకోవడం ఇంకా ప్రమాదం. వదిలినా వదలదు.

పట్టుకునేది పైలట్ చూట్ పైకొసను, గుడ్డంతా గుప్పెట్లో ఇమిడేటట్టు. విసిరినప్పుడు అంతా ఒక్కసారిగా చేయి వదిలిపోవాలి. సగం వేళ్ల మధ్య ఉండిపోయి సగం ముందే గాలికి తెరుచుకుంటే విసురు బలమంతా వృథా.

గుప్పెటకూ సంచికీ మధ్య బ్రైడిల్ ఎంత వదులు ఉంచాలన్నది ఇంకో కొలత. చేయి పూర్తిగా పైకీ పక్కకూ చాచినా పిన్ను మీద లాగుడు పడకూడదు. అలాగని కింద వేలాడి కాలికో కమ్మీకో తగిలేంత పొడుగు ఉండకూడదు. చేయి చాపి చూసుకుని, మిగిలిన పట్టీని సంచి అంచు కింద దోపుకుంటారు.

బ్రైడిల్ దారి గురించి అంత పట్టుదల ఎందుకు?

హ్యాండ్‌హెల్డ్ జంపులో ప్రాణాంతకమైన పొరపాటు ఎక్కువగా జరగగలిగేది ఇక్కడే కాబట్టి. పిన్ను దగ్గర బయలుదేరిన బ్రైడిల్ సంచి కుడి అంచు మీదుగా, కాలి పట్టీకి బయటి వైపు నుంచి, నేరుగా కుడి గుప్పెట్లోకి రావాలి. దారిలో దేని కిందికీ దూరకూడదు. భుజం మీదుగా రాకూడదు, చంక కిందుగా చుట్టి రాకూడదు, కాలి పట్టీ లోపలి నుంచి రాకూడదు.

ఒకవేళ వచ్చిందనుకోండి. పైలట్ చూట్ చక్కగా తెరుచుకుంటుంది, గాలి నింపుకుంటుంది, లాగుతుంది. కానీ అది లాగేది పిన్నును కాదు, మనిషి పట్టీనో చేతినో. సంచి మూసుకునే ఉంటుంది. బేస్ సంచిలో రెండో పారాచూట్ ఉండదు. అంత తక్కువ ఎత్తులో దాన్ని తెరిచే వ్యవధి దొరకదు కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకుని దూకుతారు.

అందుకే ఒక అలవాటు ఉంది. పైలట్ చూట్ చేతిలోకి తీసుకున్నాక ఎడమచేతి వేలితో గుప్పెట నుంచి పిన్ను వైపు బ్రైడిల్‌ను తడుముతూ వెళతారు. కంటికి కనిపించని చోట పక్కనున్న జంపర్ వెనక నుంచి చూసి చెబుతాడు. పైలట్ చూట్‌ను ఒక్కసారి చేయి మార్చినా, వంగి బూటు తాడు కట్టుకున్నా ఈ తనిఖీ మొదటి నుంచి మళ్లీ చేయాల్సిందే.

రెయిలింగ్ దాటేటప్పుడు జాగ్రత్త ఏమిటి?

పెరీన్ మీద జంపర్ కమ్మీ దాటి అవతలి అంచున నిలబడాలి. ఒక చేయి కమ్మీని పట్టుకుంటుంది, రెండో చేతిలో గుడ్డ. ఈ దాటడంలో బ్రైడిల్ కమ్మీకి చిక్కితే పిన్ను ఊడిపోవచ్చు. వంతెన మీద ఎప్పుడూ గాలి ఆడుతుంది. సంచిలోంచి జారిన పారాచూట్‌ను ఆ గాలి పట్టుకుందంటే, సిద్ధంగా లేని మనిషిని కమ్మీ మీంచి ఈడ్చుకుపోగలదు. కాబట్టి ముందు రెండు చేతులతో కమ్మీ దాటి, నిలకడగా నిలబడ్డాక పైలట్ చూట్‌ను జేబులోంచి తీసుకోవడం ఒక పద్ధతి. చేతిలో పట్టుకునే దాటాల్సి వస్తే బ్రైడిల్ మొత్తం ఒంటికి దగ్గరగా ఉంచుకుంటారు, దాటాక దారిని మళ్లీ చూసుకుంటారు. గాలి వాటం నచ్చకపోతే వెనక్కి కమ్మీ దాటి వచ్చేయడం కూడా ఈ విద్యలో భాగమే. దాన్ని పిరికితనమని తోటి జంపర్లెవరూ అనరు.

దూకడం ఎలా? విసరడం ఎలా?

చూపు నీటి మీద కాదు, ఎదురుగా దిగంతం మీద. ఛాతీ ఎత్తి, మెత్తగా ముందుకు అడుగేస్తారు. తల కాస్త పైకి ఉండాలి. కిందికి చూస్తే తల వాలుతుంది, తల వాలితే కాళ్లు లేస్తాయి. అప్పుడు విసిరిన పైలట్ చూట్, దాని వెనకే పారాచూట్ తాళ్లు, కాళ్ల మధ్య నుంచి పైకి వెళ్లాల్సి వస్తుంది. పాదానికి బ్రైడిల్ చుట్టుకునే ప్రమాదం అక్కడే.

చేతులు రెండూ సమంగా చాచి ఉంచుతారు. అనుకున్న సెకన్ల లెక్క ముగియగానే కుడిచేతిని పూర్తిగా చాపి, నేరుగా పక్కకు, గట్టిగా విసురుతారు. వీపు మీదుగా విసిరితే సుడిలోకి పోతుంది. కిందికి విసిరితే పైలట్ చూట్ మళ్లీ మనిషిని దాటుకుంటూ పైకి రావాలి, దారిలో ఏదైనా తగలవచ్చు. పక్కకు విసిరితేనే దానికి శుభ్రమైన గాలి దొరుకుతుంది. నెమ్మదిగా వదిలేయడం వేరు, విసరడం వేరు. ఒక సెకను జంపులో నెమ్మదిగా వదిలేసిన గుడ్డ కాసేపు మనిషితో పాటే పడుతుంది.

విసిరే ఊపులో కుడి భుజం కిందికి వాలకూడదు. పెద్ద పారాచూట్ తాళ్లు రెండు భుజాల దగ్గరా కలుస్తాయి. ఒక భుజం వాలి ఉండగా తాళ్లు బిగిస్తే బరువు ఒకవైపే ముందు పడి, పారాచూట్ అటు తిరిగి తెరుచుకుంటుంది. వంతెన నడిమధ్య నుంచి దూకినవాడికి చుట్టూ ఖాళీయే కాబట్టి ఎటు తిరిగినా సర్దుకోవచ్చు. కొండచరియ మీంచో మేడ మీంచో దూకినప్పుడు వెనక్కి తిరిగి తెరుచుకుంటే ఎదురుగా ఉండేది రాయి, గోడ. కొత్తవాళ్లకు వంతెన మీదే నేర్పడానికి ఇదొక పెద్ద కారణం.

విసిరాక ఏమీ జరగకపోతే?

రెండు సెకన్ల దగ్గర విసిరినవాడికి పెరీన్‌లో మిగిలేది 128 మీటర్లు. వేగం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి అది మూడున్నర సెకన్ల వ్యవధి. పిన్ను ఊడకుండా పైలట్ చూట్ వెనక ఈడ్చుకుంటూ వస్తుంటే, చేయగలిగినది బ్రైడిల్‌ను వెనక్కి తడిమి పట్టుకుని లాగడమో, సంచిని కదిలించడమో. అదైనా ఎందుకు ఆగిందో గ్రహించేలోపే ఒక సెకను అయిపోతుంది. కాబట్టి ఈ ప్రశ్నకు నిజాయితీగా చెప్పగల జవాబు ఒకటే. హ్యాండ్‌హెల్డ్ జంపులో దిద్దుబాటుకు చోటు దాదాపు లేదు, తనిఖీకే ఉంది.

ఎప్పుడు చేతిలో పట్టుకోకూడదు?

రెండు వైపులా హద్దులున్నాయి. ఎత్తు మరీ తక్కువైతే చేతి విసురు కూడా ఆలస్యమే. అప్పుడు పైలట్ చూట్‌ను దూకేవాడు కాకుండా వెనక నిలబడ్డ తోటి జంపర్ పట్టుకుంటాడు. దూకినవాడి బరువుకే బ్రైడిల్ బిగిసి, పిన్ను ఊడి, తాళ్లు సాగాక అతను వదిలేస్తాడు. లేదా ఒక నిర్ణీత బరువుకు తెగే తాడుతో బ్రైడిల్‌ను వంతెనకే కడతారు. దీన్ని స్టాటిక్ లైన్ అంటారు.

ఎత్తు ఎక్కువై మూడు సెకన్లు దాటి పడేటప్పుడు గాలికి బలం వచ్చేస్తుంది. అప్పుడు గుప్పెట బిగించి ఉన్న చేయి, అరచేయి తెరిచి ఉన్న చేయి గాలిలో సమంగా నిలబడవు, మనిషి ఒరుగుతాడు. గాలి కూడా వేళ్ల సందుల్లోంచి గుడ్డను పీకడానికి చూస్తుంది. అక్కడి నుంచి పైలట్ చూట్ సంచి అడుగు జేబులోనే ఉండటం మేలు. అనుకోకుండా ముందే చేయి జారిన పైలట్ చూట్, ఆలస్యంగా దొరికిన పైలట్ చూట్ కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు.

నేర్చుకునేది ఎలా?

ముందు స్కైడైవింగ్. బేస్ శిక్షకులు సాధారణంగా సుమారు రెండు వందల స్కైడైవులు చేసి, పారాచూట్‌ను అనుకున్న చోట దింపగల చేయి తిరిగినవాళ్లనే చేర్చుకుంటారు. ఆ తర్వాత పెరీన్ లాంటి చోట తొలి జంపు శిక్షణ. అందులో తొలి జంపులకు చాలా సార్లు పైలట్ చూట్‌ను శిక్షకుడే పట్టుకుంటాడు. హ్యాండ్‌హెల్డ్ ఆ తర్వాతి మెట్టు. నేల మీద నిలబడి, అదే మడతతో, అదే బ్రైడిల్ దారితో, భుజం వాలకుండా విసరడం చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయిస్తారు.

ఈ వ్యాసం చదివి ఎవరూ దూకలేరు, దూకకూడదు. విదేశాల్లో ఉండి ఈ ఆట మీద మనసుపడ్డ కుర్రవాళ్లు ఎవరైనా ఉంటే వారికి చెప్పేది ఒకటే. వీడియోల్లో కనిపించేది దూకిన తర్వాతి అయిదు సెకన్లు. మంచి జంపర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ అయిదు సెకన్లను వదిలేసి, అంతకు ముందు అతను గుడ్డ మడిచే తీరునూ, బ్రైడిల్‌ను వేలితో తడిమే ఓపికనూ చూడండి. ఆ ఓపిక లేని మనిషి ఎంత బాగా విసరగలిగినా అతని దగ్గర నేర్చుకోకండి.